నలభై ఏళ్ళ తేడాతో రెండు కాంభోజిలు

ఢిల్లీలోని ద్వారకాలో కల్నల్ గారి ఫ్లాటులో, హాలు తివాచీ మీద నాలుగు చోట్ల తెల్ల టేపు ముక్కలు అంటించి ఉండేవి. మొదటిసారి వెళ్ళినప్పుడు చిరుగులకు వేసిన అతుకులనుకున్నాను. కావు. ఏ కుర్చీ ఎక్కడ ఉంటే రెండు స్పీకర్ల శబ్దం సమానంగా చెవిన పడుతుందో ఆయన కొలిచి పెట్టుకున్న గుర్తులవి. నేను కూర్చోబోతూ అలవాటుగా కుర్చీని కాస్త ముందుకు లాక్కున్నాను.

"అక్కడ వయొలిన్ వినపడదండీ," అన్నారాయన.

వెనక్కి జరిగాను.

కల్నల్ గారిది కాకినాడ. సైన్యంలో ముప్ఫై ఏళ్ళ పైన పనిచేశారు. చివరి పోస్టింగు ఢిల్లీ కంటోన్మెంటులో పడితే, రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోయారు. ఆయన స్పీకర్లు ఒక్కొక్కటి చిన్న బీరువా అంత ఉంటాయి. ఊరు మారినప్పుడల్లా ఇంట్లో ఉన్న రజాయిలన్నిటినీ వాటికే చుట్టి లారీ ఎక్కించేవారట. "ఒక డిసెంబరులో జలంధర్ చేరాం. సామాను దించేదాకా స్పీకర్లు వెచ్చగా ఉన్నాయి, మేం వణుకుతున్నాం," అని వాళ్ళావిడ నాకు చెప్పారు. ఆవిడ గొంతులో ఫిర్యాదేమీ లేదు. ఆ రోజు వాతావరణం ఎలా ఉందో చెప్పినట్టు చెప్పారు.

నేను ఆ ఇంటికి చేరడానికి కారణం ఒక టీ లైను. మండీ హౌస్ దగ్గర ఒక హాల్లో కచేరీకి వెళ్ళాను. విరామంలో నా ముందు నిలబడ్డ ఇద్దరు తెలుగులో పోట్లాడుకుంటున్నారు. ఒకరు కల్నల్ గారు. రెండో ఆవిడ ప్రొద్దుటూరు నుంచి ఎప్పుడో వచ్చి, ఇక్కడి బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన టీచర్ గారు. ఒక పాత విద్వాంసుడు రేడియోలో పాడిన తోడి రాగం గొప్పదా, ఎవరి పెళ్ళిలోనో పాడగా టేపు చేసిన తోడి గొప్పదా అన్నది తగువు.

"పెళ్ళిదే," అన్నాను, నన్నెవరూ అడక్కుండానే.

ఇద్దరూ వెనక్కి తిరిగారు. "మీ దగ్గర ఉందా?" అన్నారు కల్నల్ గారు.

"ఉందండీ."

"పూర్తిగానా?"

"భోజనాలకు పిలిచేదాకా ఉంది."

ఆ ఆదివారమే రమ్మన్నారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున పదింటికల్లా నేను అక్కడ ఉండేవాణ్ణి. మాది తెనాలి. నోయిడాలో లిఫ్టులు బిగించే ఒక కంపెనీలో పనిచేస్తాను. ఇంటి నుంచి ద్వారకాకి మెట్రో బ్లూ లైనులో దాదాపు ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళాలి. వారమంతా లిఫ్టు ఎందుకు ఆగిపోయిందో జనానికి వివరించి, ఆదివారం ఎవరో ఎప్పుడో పాడిన రాగం ఎందుకు ఆగకుండా అంత బాగా సాగిందో మాట్లాడుకోవడం నాకు హాయిగా ఉండేది.

నాలుగో కుర్చీ వరంగల్ అమ్మాయిది. గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తుంది. మాలో చిన్నది ఆమే. మమ్మల్ని అంకుల్, ఆంటీ అంటుంది, పొగిడేటప్పుడు కూడా మొహమాటపడదు, తెగిడేటప్పుడు అసలే పడదు.

మా పద్ధతి ఇది. ప్రతిసారీ ఒకరు రెండు రికార్డింగులు తేవాలి. రాగం ఒకటే ఉండాలి. రెండూ విన్నాక ఒక్కొక్కరూ తేడాలు చెప్పాలి. టీచర్ గారు పదికి మార్కులు వేసేవారు. అరమార్కు, పావుమార్కు కూడా ఉండేవి. కల్నల్ గారు మేం అన్నదంతా ఒక లావుపాటి రిజిస్టరులో, తేదీ, హాజరైనవారు, వాతావరణం సహా రాసుకునేవారు. వాళ్ళావిడ మాత్రం మాతో కూర్చునేవారు కాదు. వంటింట్లో ఇడ్లీలో పెసరట్లో చూసుకుంటూ, మధ్యలో బాల్కనీలో పేపరు చదువుకుంటూ ఉండేవారు. "నాకు సంగీతం తెలియదు బాబూ," అనేవారు. మేమూ ఆ మాట నమ్మాం.

చలికాలం వెళ్ళిపోతున్న రోజుల్లో ఒక ఆదివారం నా వంతు వచ్చింది. రికార్డింగులు పోగుచేసే తెనాలి మిత్రుడొకరు నాకు ఫోనులో రెండు కాంభోజి రాగాలాపనలు పంపారు. రెండూ ఒకే విద్వాంసుడివి. మొదటిది ఆయనకు ముప్ఫై ఏళ్ళప్పుడు పాడింది, రెండోది డెబ్బై దాటాక పాడింది. నేను వాటిని పెన్ డ్రైవులోకి ఎక్కించి, ఒకటి, రెండు అని పేర్లు పెట్టుకుని బయల్దేరాను. దారి పొడుగునా ఆ నలభై ఏళ్ళ గురించి ఏం చెప్పాలా అని మాటలు పేర్చుకుంటూనే ఉన్నాను. వెళ్ళగానే చెప్పాను కూడా. అందరూ గుర్తుల మీద సర్దుకుని కూర్చున్నారు.

మొదటిది మోగింది. పద్నాలుగు నిమిషాలు. కుర్రతనపు గొంతు, చకచకా పైకి వెళ్ళిపోతుంది. మధ్యలో ఒకచోట సభలో ఎవరో గట్టిగా మూడుసార్లు దగ్గారు. కల్నల్ గారు ఆ దగ్గినవాణ్ణి ఇప్పుడు పట్టుకుని కోర్టు మార్షల్ చేసేలా మొహం పెట్టారు.

తర్వాత రెండోది మోగింది. మొదలైన నిమిషానికే టీచర్ గారు కళ్ళు మూసుకుని తల ఊపడం మొదలుపెట్టారు. వరంగల్ అమ్మాయి ఫోను పక్కన పెట్టేసింది. నాకు వెన్నులో జలదరించింది. మళ్ళీ ఒకచోట ఎవరో దగ్గారు. కల్నల్ గారు రికార్డింగు ఆపకుండానే, "చూశారా, నలభై ఏళ్ళు గడిచినా మన సభల్లో దగ్గేవాళ్ళకు బుద్ధి రాలేదు," అన్నారు. మేం ముగ్గురం విచారంగా తలలూపాం.

సరిగ్గా అప్పుడే వాళ్ళావిడ కాఫీ పళ్ళెంతో వచ్చి గుమ్మంలో ఆగారు. "మళ్ళీ అదే పెట్టారేం?"

"రాగం అదేనోయ్," అన్నారు కల్నల్ గారు ఓపికగా. "మనిషీ ఆయనే. వయసు వేరు."

"అలాగా," అని కాఫీలు ఇచ్చి వెళ్ళిపోయారావిడ.

అయిపోయాక చర్చ గంటసేపు సాగింది. "మొదటి దాంట్లో పిల్లోడు ఎగురుతాండాడు. రెండో దాంట్లో మనిషి నిలబడినాడు," అన్నారు టీచర్ గారు. మొదటిదానికి ఏడున్నర, రెండోదానికి తొమ్మిదింబావు వేశారు. పోయిన ముప్పావు మార్కు ఎక్కడ పోయిందని అడిగితే, "పదికి పది వేస్తే పిల్లోళ్ళు చెడిపోతారప్పా," అన్నారు, డెబ్బై దాటిన విద్వాంసుడి గురించే.

వరంగల్ అమ్మాయి అయితే వేలితో గాల్లో గీసి చూపించింది. "మొదటి దాంట్ల పైకి పోయినప్పుడు ఉరుకుతుండు అంకుల్. రెండో దాంట్ల గదే జాగల ఒక సెకను ఆగుతుండు. నాకు మంచిగ తెలుస్తుంది. నా ఉద్యోగమే తేడాలు పట్టుడు గదా."

కల్నల్ గారు రెండో దాంట్లో తంబురా కూడా ముసలిదై ఉంటుందన్నారు.

నేనేమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. కానీ చెప్పాలి. "మొదటి దాంట్లో నది ఉంది. రెండో దాంట్లో సముద్రం ఉంది," అన్నాను. నా గొంతు కొంచెం వణికింది కూడా. కల్నల్ గారు కలం ఆపి నావైపు చూసి, ఆ వాక్యాన్ని రిజిస్టరులో రాసుకుని కింద రెండు గీతలు గీశారు.

తిరుగు ప్రయాణంలో మెట్రోలో సీటు దొరికింది. ఒళ్ళో కల్నల్ గారి ఇంటి కందిపొడి సీసా. ఆ సముద్రాన్ని ఇంకోసారి విందామని ఫోను తీసి, తెనాలి మిత్రుడు పంపిన రెండోది పెట్టాను. ఎవరో ముసలాయన పాడుతున్నారు. గొంతు బొంగురుగా ఉంది. ఇది పొద్దున విన్నది కాదు. మొదటిది పెట్టాను. కుర్రగొంతు, దగ్గు, అన్నీ ఉన్నాయి. పెన్ డ్రైవులోకి నేను మొదటిదాన్నే రెండుసార్లు ఎక్కించి, ఒకదానికి ఒకటి అనీ రెండోదానికి రెండు అనీ పేరు పెట్టానని రాజౌరీ గార్డెన్ దగ్గర అర్థమైంది. మేం వరసగా రెండుసార్లు విన్నది ఒకే పద్నాలుగు నిమిషాలు. అవే మూడు దగ్గులు. యమునా బ్యాంకు స్టేషను వచ్చేదాకా నేను తల పైకెత్తలేదు.

అప్పుడే ఫోను చేసి చెప్పేసి ఉంటే పోయేది. చెప్పలేదు. వాళ్ళు నొచ్చుకుంటారని సర్దిచెప్పుకున్నాను గానీ, నిజానికి నాకు అడ్డొచ్చింది నా సముద్రమే. వచ్చే ఆదివారం ఎదురుగా చెబుదాంలే అనుకున్నాను. ఆ ఆదివారం ఆఫీసు పని ఉందని అబద్ధం చెప్పి మానేశాను. ఆ తర్వాతి ఆదివారం లిఫ్టులో చిక్కుకుపోయానన్నాను. మా కంపెనీ గురించి తెలిసినవాళ్ళు కాబట్టి నమ్మారు.

మూడో వారంలో కల్నల్ గారే ఫోను చేశారు. ఆయన గొంతు ఉత్సాహంగా ఉంది. "మా తెలుగువాళ్ళ సంఘం ఉగాది సంచికకి వ్యాసం ఇచ్చానండీ. ఆ రెండు కాంభోజిల మీదే. నాలుగు పేజీలు వచ్చింది. శీర్షిక మీదే, 'నదీ సముద్రమూ'. కింద కృతజ్ఞతల్లో మీ పేరు కూడా వేయించాను."

మర్నాడే సెలవు పెట్టి ద్వారకాకి పరుగెత్తాను. ఆయన మిగతా ఇద్దర్నీ కూడా పిలిపించారు, నేనేదో శుభవార్త తెస్తున్నానని. నేను నిలబడే మొత్తం చెప్పేశాను. పెన్ డ్రైవు, పేర్లు, మెట్రో, అబద్ధాలు, లిఫ్టు.

"అంటే నేను ఒకే పేపరుకు రెండు మార్కులు వేసినానా?" అన్నారు టీచర్ గారు. ముప్ఫై ఐదేళ్ళ సర్వీసులో అలాంటిది జరగలేదట. ఆమె ముఖం చూస్తే, పాత విద్యార్థులందరినీ ఒకసారి మనసులో పిలిచి లెక్క సరిచూసుకుంటున్నట్టు అనిపించింది.

"నేను సెకను ఆగిండని చెప్పిన," అంది వరంగల్ అమ్మాయి. "గది మా మేనేజర్‌కి తెలిస్తే నా పని అయిపోతది."

కల్నల్ గారు మాత్రం ఒప్పుకోలేదు. పరీక్షించి చూడాలన్నారు. పెన్ డ్రైవులోని రెండింటినీ తీసి, నా ఫోనులో ఒకటి, ఆయన ఫోనులో ఒకటి ఒకేసారి మొదలుపెట్టాం. నా వేలు రవ్వంత ఆలస్యంగా పడింది. ఆయన ఫోను పాడుతుంటే నా ఫోను వెనకాలే గురువు వెంట శిష్యుడిలా పాడుతోంది. కల్నల్ గారి కళ్ళు వెలిగాయి. "అదిగో తేడా," అన్నారు. మళ్ళీ మొదటి నుంచి, ఈసారి వరంగల్ అమ్మాయి రెండు చేతులతో రెండు మీటలూ కలిపి నొక్కింది. రెండూ కలిసిపోయి ఒకే గొంతుగా వచ్చాయి. దగ్గు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరు ఒకేసారి దగ్గినంత గట్టిగా మోగింది. కల్నల్ గారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు.

అప్పుడు ఆయనకు వాళ్ళావిడ ఆ రోజు గుమ్మంలో అన్న మాట గుర్తొచ్చింది. బాల్కనీలోంచి పిలిచి, "నీకెలా తెలిసిందోయ్?" అని అడిగారు.

"పాట సంగతి నాకేం తెలుసండీ," అన్నారావిడ. "కాఫీ కలుపుతుంటే మూడుసార్లు దగ్గు వినపడింది. పళ్ళెం తెచ్చేసరికి మళ్ళీ అవే మూడు. మొదటిసారి మీలో ఎవరికో జలుబు చేసిందనుకుని అల్లం కూడా దంచి పెట్టాను. ఎవరూ అడగలేదు."

కల్నల్ గారు వెంటనే సంచిక సంపాదకుడికి ఫోను చేశారు. వ్యాసం ఆపమన్నారు. అచ్చయిపోయిందట, బైండింగు జరుగుతోందట. పోనీ సవరణ వేయమంటే, వచ్చే ఉగాది సంచికలో తప్పకుండా వేస్తామన్నారట.

సంచిక వచ్చింది. వ్యాసం నిజంగా బాగుంది. అదే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది. ముసలితనంలో స్వరం మీద వాలే నీడ గురించి ఒక పేరా ఉంది, అది చదివి నాకు మళ్ళీ ఒళ్ళు జలదరించింది, నిజం తెలిసి కూడా. కల్నల్ గారికి రోజూ అభినందన ఫోనులు వచ్చాయి. జనక్‌పురి నుంచి ఒక పెద్దాయన ఫోను చేసి, "ఆ రెండో కచేరీకి నేను స్వయంగా వెళ్ళానండీ. మీరు రాసినట్టే, అచ్చం సముద్రమే," అన్నారట. కల్నల్ గారు ఆ రోజు భోజనం సరిగ్గా చేయలేదని వాళ్ళావిడ చెప్పారు.

ఆయన సైనికుడు. తప్పు చేస్తే వరసలోంచి ముందుకొచ్చి ఒప్పుకోవాలన్నది ఆయన నియమం. ఉగాది సభలో మైకు అడిగారు. పంచాంగ శ్రవణం అయిపోయింది, కాగితపు కప్పుల్లో పచ్చడి పంచుతున్నారు, పిల్లల నృత్యాలు మొదలు కావాల్సి ఉంది. వేదిక మీద ఉన్న కాలేజీ అమ్మాయి, "అబ్ కల్నల్ అంకుల్ దో మినిట్ బోలేంగే," అని మైకు ఆయన చేతికిచ్చింది. మేం ముగ్గురం మూడో వరసలో ఒకరినొకరు చూసుకోకుండా కూర్చున్నాం.

"నా వ్యాసంలో పోల్చిన రెండు రికార్డింగులూ ఒకటే," అన్నారు కల్నల్ గారు, అటెన్షన్‌లో నిలబడి. "రెండింటికీ ఏ తేడా లేదు. లేని తేడా గురించి నాలుగు పేజీలు రాశాను. అందుకు చింతిస్తున్నాను."

ముందు వరసలోంచి జనక్‌పురి పెద్దాయన లేచి చప్పట్లు కొట్టారు. ఆయన్ని చూసి అందరూ కొట్టారు. పెద్దాయన వెనక్కి తిరిగి, పక్కవాళ్ళకు వినపడేలా, "రెండూ ఒకటే అన్నారు, విన్నారా? నదీ సముద్రమూ ఒకటే అని తెలియాలంటే మనిషి ఎంత విని ఉండాలి," అన్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"అది కాదండీ, అది అదే ఫైలు," అన్నారు కల్నల్ గారు మైకులో.

"వినయం," అన్నారు సంఘం అధ్యక్షులు, శాలువా కప్పుతూ. పిల్లల పాట మొదలైపోయింది.

ఆ శాలువాతోనే ఆయన కారెక్కి, మమ్మల్ని కూడా ఎక్కించుకున్నారు. ఇంటికి దగ్గరయ్యాక టీచర్ గారు నవ్వు ఆపుకోలేక చీర కొంగు నోట్లో కుక్కుకున్నారు. అది చూసి వరంగల్ అమ్మాయి మొదలుపెట్టింది. చివరికి కల్నల్ గారు కారు పక్కకు ఆపి, శాలువాతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

ఆ తర్వాతి ఆదివారం అసలు రెండోదాన్ని తెచ్చాను. ఎక్కించేముందు మూడుసార్లు సరిచూశాను. కల్నల్ గారు వాళ్ళావిడకు కూడా ఒక కుర్చీ వేసి, మంచి చోటు చూసి తివాచీ మీద ఐదో టేపు ముక్క అంటించారు. ఆవిడ మొహమాటపడుతూ కూర్చున్నారు, చేతిలో చిక్కుడుకాయల పళ్ళెం అలాగే ఉంది.

ముసలి గొంతు మొదలైంది. పైకి వెళ్ళాల్సిన చోటికి వెళ్ళలేదు, దగ్గరదాకా వెళ్ళి ఆగి, చూపించి వచ్చేసింది. అక్కడక్కడ ఊపిరి తెగింది. మధ్యమధ్యలో పెద్ద విరామాలు. మేం పొగడడానికి సిద్ధం చేసుకున్న మాటలేవీ దీనికి అతకలేదు. అయిపోయాక టీచర్ గారు మార్కులు వేయలేదు. కల్నల్ గారు కలం మూత తీయలేదు. నది, సముద్రం ఊసు నేను ఎత్తలేదు.

"పాపం, ఈయనకి మోకాళ్ళ నొప్పి," అన్నారు వాళ్ళావిడ, కాయల ఈనెలు తీస్తూ.

మేం నలుగురం ఆవిడ వైపు తిరిగాం.

"పాడుతూ పాడుతూ ఆగుతున్నారు కదా. ఆగినప్పుడల్లా కింద చెక్క కిర్రుమంటోంది. కాలు మార్చుకుంటున్నారు."

మళ్ళీ పెట్టాం. నిజమే. ప్రతి విరామంలో, తంబురా శ్రుతి కింద, చిన్నగా చెక్క చప్పుడు. ముసలాయన కాలు సర్దుకుని, నొప్పి తగ్గేదాకా ఒక క్షణం ఆగి, మళ్ళీ రాగం అందుకుంటున్నారు. రెండోసారి వింటున్నప్పుడు చెక్క కిర్రుమన్న ప్రతిసారీ టీచర్ గారు తన మోకాలు తడుముకున్నారు.

"నాదీ ఇట్లే ఉండాది. లేసేటప్పుడు కరుక్కుమంటాది," అన్నారామె. ప్రొద్దుటూరులో ఎవరో కాచే నూనె గురించి చెప్పారు. నేను మెట్రో మెట్ల గురించి చెప్పాను. వరంగల్ అమ్మాయి రోజంతా కూర్చుని తనకూ పట్టేస్తున్నాయంది. కల్నల్ గారు సైన్యంలో నేర్పే వ్యాయామం ఒకటుంది, వారంలో తగ్గిపోతుందని, చూపిస్తానని తివాచీ మీద వెల్లకిలా పడుకున్నారు. రెండు కాళ్ళూ పైకెత్తి పదిదాకా లెక్కపెట్టారు. దించాక లేవబోయి లేవలేకపోయారు. నేనొక చేయి, వరంగల్ అమ్మాయి ఒక చేయి పట్టి లాగాం. టీచర్ గారు వెనక నుంచి, "మెల్లగప్పా, మెల్లగా," అంటున్నారు. ఆయన లేచి నిలబడేసరికి వీపుకు రెండు టేపు ముక్కలు అంటుకుని వచ్చాయి. వాళ్ళావిడ వాటిని పీకి చిక్కుడు ఈనెల్లో పడేసి, పెసరట్లు వేయడానికి లోపలికి వెళ్ళారు.